ఉత్ప్రేరకమూ, పూతరేకూ
చిన్న ఊరి వ్యాపారానికి సామాజిక మాధ్యమాల ప్రచారం: ఒక రసాయన పరిశీలన

దోహా నగరం నడిబొడ్డున ఉన్న ఫరీజ్ బిన్ మహమూద్ ప్రవాస తెలుగువారికి పరిచితమైన ప్రదేశమే. గల్ఫు అరబ్బీలో ఫరీజ్ అనగా పేట. ఒక కుటుంబం పేర పేట వెలయడం తెలుగు ఊళ్లలోనూ ఉన్న ఆచారమే. వరుసగా నిలిచిన నివాస భవనాలు, వాటి క్రింద కిరాణా దుకాణాలు, భోజనశాలలు, 2019 నవంబరులో ప్రారంభమైన మెట్రో గోల్డ్ లైను మీద బిన్ మహమూద్ పేరిట ఒక స్టేషను, ఇదీ ఆ పేట నేటి రూపు.

ఇక్కడి ఒక గృహస్థు శుక్రవారం సెలవునాడు కాఫీ త్రాగుతూ సెల్‌ఫోను తెరను చూస్తున్నాడని ఊహించవచ్చు. ముప్పది సెకన్ల దృశ్యం ఒకటి తెరపైకి వస్తుంది. బోర్లించిన కుండ, దాని క్రింద మంట, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను కుండపై ఒక్కసారి లాగే స్త్రీ హస్తం, మరుక్షణం ఉల్లిపొరవలె పైకి లేచే రేకు. క్రింద ఊరి పేరు: ఆత్రేయపురం. గృహస్థు తెరపై ఉన్న సంఖ్యకు సందేశం పంపుతాడు. కొన్నాళ్లకు పెట్టె అతని తలుపు దగ్గరకు వస్తుంది.

పెట్టె తెరిచిన క్షణంలో రెండే ఫలితాలకు అవకాశమున్నది. రేకు నోటిలో పెళపెళలాడి కరిగిపోవచ్చు. లేదా తేమ పీల్చి, తోలువలె సాగి, కనరు వాసన వేయవచ్చు. మొదటి దృశ్యాన్ని చూపిన ఫోనే ఈ రెండింటిలో ఏది జరిగినా లోకానికి చాటుతుంది. తెరపై కనిపించిన రేకుకూ చేతికి అందిన రేకుకూ మధ్య మూడు వేల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం ఉన్నది. చిన్న ఊరి వ్యాపారపు జయాపజయాలు ఆ దూరంలోనే నిర్ణయమవుతాయి. ఈ విషయాన్ని అర్థం చేసుకొనడానికి రసాయన శాస్త్రంలోని కొన్ని సామాన్య సూత్రాలు ఎంతగానో ఉపకరిస్తాయి.

దండోరా నుండి సెల్‌ఫోను తెర వరకు

చిన్న ఊళ్లలో ప్రచారం క్రొత్త విద్య కాదు. ఒకనాడు తప్పెట మోగించి దండోరా వేసేవారు. తరువాత గోడరాతలు, రిక్షాకు కట్టిన మైకు, సినిమా హాలులో విశ్రాంతి వేళ చూపే స్లైడు, సంతలో పంచే కరపత్రం వచ్చాయి. వీటన్నిటికీ రెండు పరిమితులు ఉండేవి. మొదటిది దూరం: మైకు వినిపించినంత మేరే బేరం. రెండవది ఏకముఖత్వం: గోడరాతకు కొనుగోలుదారు జవాబు చెప్పలేడు.

ఫేస్‌బుక్ 2004లో, యూట్యూబ్ 2005లో, వాట్సాప్ 2009లో, ఇన్‌స్టాగ్రామ్ 2010లో ఆరంభమయ్యాయి. చిన్న వర్తకుల కొరకు ప్రత్యేకించిన వాట్సాప్ బిజినెస్ 2018లో వచ్చింది. 2020 జూన్ చివర భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించగా, ఆ వెంటనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దేశంలో ప్రవేశించింది. నిమిషంలోపు దృశ్యాలకు అలవాటుపడిన చూపరులు అటు మళ్లారు. ఈ పరిణామాలతో పై రెండు పరిమితులూ తొలగిపోయాయి. దూరం లేదు, జవాబూ ఉన్నది. ఈ రెండవ మార్పు ప్రాధాన్యాన్ని అనేకమంది వర్తకులు ఇంకను గుర్తింపవలసి ఉన్నది.

ఉత్ప్రేరకం చేసే పని

రసాయన చర్య జరగాలంటే అణువులు ఒక శక్తి అవరోధాన్ని దాటవలసి ఉంటుంది. దీనినే ఉత్తేజన శక్తి అంటారు. కొండకు ఈవల ఒక ఊరు, ఆవల మరొక ఊరు ఉన్నట్లు భావిస్తే, ఉత్ప్రేరకం కొండను తొలగించదు. కొండల నడుమ ఒక కనుమను చూపుతుంది. ప్రయాణం సులభమై, చర్య వేగవంతమవుతుంది. స్వీడన్ దేశపు బెర్జీలియస్ 1835లో ఈ విశేషాన్ని గుర్తించి పేరు పెట్టాడు. దీని స్వరూపాన్ని స్పష్టపరచిన విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ 1909లో నోబెల్ బహుమతి పొందాడు.

ఉత్ప్రేరకానికి ఒక ముఖ్య నియమం ఉన్నది. అది చర్యను త్వరగా సమతాస్థితికి చేరుస్తుందే గాని, సమతాస్థితి ఎక్కడ ఉండాలో నిర్ణయించదు. పురోగామి చర్యను ఎంత వేగపరుస్తుందో, తిరోగామి చర్యను కూడా అంతే వేగపరుస్తుంది. ఖతర్ వాసులకు దీనికి ఉదాహరణ దగ్గరలోనే ఉన్నది. మెసయీద్‌లో 1969లో నెలకొల్పిన ఎరువుల సంస్థ కాఫ్కో, నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియా తయారుచేస్తుంది. ఈ చర్యకు ఇనుము ఆధారమైన ఉత్ప్రేరకం అత్యవసరం. అయినా ఎంత అమ్మోనియా ఏర్పడగలదన్నది ఉత్ప్రేరకం చేతిలో లేదు; పీడనం, ఉష్ణోగ్రతల చేతిలో ఉన్నది.

సామాజిక మాధ్యమ ప్రచారం అచ్చముగా ఇట్టిదే. ఊరి సరుకుకూ దూరపు కొనుగోలుదారుకూ నడుమ అవరోధాలు మూడు: సరుకు ఉన్నదని తెలియకపోవడం, తెలిసినా నమ్మకం లేకపోవడం, నమ్మినా తెప్పించుకొనే దారి తెలియకపోవడం. మంచి దృశ్యం ఈ మూడింటినీ తగ్గిస్తుంది. కాని కొనుగోలుదారు రెండవమారు కొంటాడా, లేదా అన్నది సరుకు గుణం, ధర, మాట నిలకడ అనే పరిస్థితులపై ఆధారపడి ఉంటుంది. సరుకు మంచిదైతే సంవత్సరాలలో రావలసిన పేరు నెలలలో వస్తుంది. చెడ్డదైతే సంవత్సరాలలో పోవలసిన పేరు రోజులలో పోతుంది. ప్రచారం రెండింటినీ సమానంగా వేగపరుస్తుంది.

శృంఖల చర్య, కొద్దిపాటి గణితం

ఒక దృశ్యం వ్యాపించే తీరుకు శృంఖల చర్య చక్కని ఉపమానం. నేతిని, నూనెను పాడుచేసే ఆక్సీకరణం కూడా ఇట్టి చర్యయే. వేడి, వెలుతురు, లోహపు అణువు వంటి ఏదో ఒకటి మొదటి అణువును రేపుతుంది. అది ప్రక్క అణువును, అది మరొకదానిని రేపుతూ పోతాయి.

మాధ్యమ సంస్థల యంత్రగణన క్రొత్త దృశ్యాన్ని ముందుగా కొద్దిమందికి చూపుతుంది. వారు ఎంతసేపు చూచారు, ఎందరికి పంపారు అనే విషయాలను గమనించి, మరికొందరికి చూపాలా వద్దా అని నిర్ణయిస్తుంది. లెక్క సులభం కావడానికి, మొదట 100 మంది చూచారని, ఒక్కొక్కరి వలన సగటున 0.5 మంది క్రొత్తవారు చూచారని భావించవచ్చు. అప్పుడు 100, 50, 25 చొప్పున తగ్గుతూ మొత్తం 200 మందితో ఆగిపోతుంది. ఆ సగటు 0.8 అయితే మొత్తం 500 మంది, 0.9 అయితే 1,000 మంది. 0.8 నుండి 0.9కి జరిగిన స్వల్పమైన మెరుగుదల చూపరుల సంఖ్యను రెట్టింపు చేసింది. సగటు 1ని దాటితే కథ మారిపోతుంది. 1.1 అయినచో పదవ విడతలోనే సుమారు 259 మంది చేరుతారు; ఆ విడతతో కలిపి మొత్తం 1,850 దాటుతుంది. అంతులేని పెరుగుదల మాత్రం ఎక్కడా ఉండదు. ఒకే వలయంలోని వారు మరల మరల చూడడంతో మంట తానుగా తగ్గుతుంది.

ఈ గణితం నుండి వర్తకుడు గ్రహించదగినది ఒకటున్నది. మొదటి 100 మందిని డబ్బుతో కొనడం కంటె, చూచిన ప్రతివాడూ మరొకరికి పంపదగినంత సారం దృశ్యంలో ఉంచడం మేలు. కుండపై రేకు లేచే క్షణం అట్టి సారం. రంగురంగుల అక్షరాలతో "నేడే కొనండి" అని వ్రాసిన బొమ్మ అట్టిది కాదు. దానిని ఎవ్వరూ తమ మేనత్తకు పంపరు.

శృంఖల చర్యను ఆపే పదార్థాలు కూడా ఉన్నాయి. నేతిలో ఆ పనిని ఆక్సీకరణ నిరోధకాలు చేస్తాయి. వాట్సాప్ సంస్థ 2018లో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారిగా ఐదు సంభాషణలకు మించి పంపకుండా హద్దు విధించింది. అనేకమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క సంభాషణకే పంపగల నియమాన్ని 2020 ఏప్రిల్‌లో తెచ్చింది. కావున గుంపులన్నింటికీ ఒకే సందేశాన్ని విసరివేసే పద్ధతి నేడు మునుపటివలె ఫలించదు.

పూతరేకు అంతరంగం

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉన్న ఆత్రేయపురం పూతరేకులకు ప్రసిద్ధి. ఆ ఊరిలోను, పరిసర గ్రామాలలోను అనేక కుటుంబాలకు ఇదే జీవనాధారం. వేడి కుండ ముందు కూర్చుండి రేకు తీసే పని ప్రధానంగా స్త్రీలది. సర్ ఆర్థర్ కాటన్ పేరిట ఏర్పడిన తయారీదారుల సంక్షేమ సంఘం చేసిన ప్రయత్నం ఫలించి, 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2017లో బందరు లడ్డుకు లభించిన గుర్తింపు వంటిదే ఇది. దీనితో ఊరి పేరు అక్కడి తయారీదారుల ఉమ్మడి ఆస్తి అయినది.

రేకు ఏర్పడడం ఒక చిన్న అద్భుతం. పలుచని పిండి పొర కుండ తగలగానే అందులోని పిండిపదార్థపు రేణువులు ఉబ్బి విచ్చుకొంటాయి. ఒకటి రెండు క్షణాలలో నీరు ఆవిరైపోతుంది. ఉబ్బిన పొడవాటి అణువులకు క్రమంగా అమరే వ్యవధి ఉండదు. అవి చిక్కుపడి ఉన్నవి ఉన్నట్లే బిగుసుకొంటాయి. ఇది గాజును పోలిన స్థితి. గాజువలెనే పారదర్శకత, గాజువలెనే పెళుసుతనం.

ఈ గాజుస్థితికి ప్రధాన శత్రువు తేమ. నీటి అణువులు పిండిపదార్థపు అణువుల మధ్య దూరి వాటికి కదలిక కలిగిస్తాయి. పెళుసు రేకు సాగే రేకుగా మారుతుంది. తయారీదారులకు ఈ సంగతి శాస్త్రం చదవకయే తెలుసు. మడిచేటప్పుడు విరగకుండా రేకుకు కొద్దిగా తడి అద్దేది అందుకే. అద్దిన తడి ఆరిపోవాలి. క్రొత్త తడి చేరరాదు. కర్తవ్యం ఇంతే, కాని కష్టం.

లోపలి తీపి విషయంలోను భేదమున్నది. శుద్ధమైన పంచదార, గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 84 శాతం దాటేవరకు కరగడం మొదలిడదు. బెల్లంలో గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా ఉండడం వలన అది అంతకంటె తక్కువ ఆర్ద్రతలోనే తేమను లాగుకొంటుంది. అందువలన బెల్లపు పూతరేకుకు పంచదార రేకు కంటె గట్టి కట్టుబాటు అవసరం. మంచి నేతిలో తేమ అర శాతానికి మించరాదు. ఇట్టి పొడి తినుబండారంలో సూక్ష్మజీవులు పెరగడం కష్టం. పాడయ్యేది ముఖ్యంగా తేమ వలన, ఆక్సీకరణం వలన. ఛాయాచిత్రంలో సొంపుగా కనిపించే పిస్తా, జీడిపప్పు, బాదంపప్పులలోని క్రొవ్వు నేతి కంటె త్వరగా ఆక్సీకరణం చెందే స్వభావం కలది. తెరకు అందాన్ని చేకూర్చే పదార్థమే పెట్టెలో ఆయుష్షును తగ్గించవచ్చునన్న మాట.

దోహాలో వేసవి మధ్యాహ్నం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం సామాన్యం. ఆగస్టు, సెప్టెంబరు రాత్రులలో సముద్రపు గాలి తేమతో బరువెక్కుతుంది. 40 డిగ్రీల వద్ద నేయి దాదాపు పూర్తిగా కరిగిపోతుంది. రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకు సుమారుగా రెట్టింపవుతుందన్నది ఉజ్జాయింపు సూత్రం. ఆత్రేయపురం ఇంటిలో పదిహేను దినాలు నిలిచిన రుచి, ఎండలో నిలిచిన బండిలో అన్నాళ్లు నిలుస్తుందని చెప్పరాదు.

అతి మందమైన దశ

అనేక దశలు గల చర్యలో మొత్తం వేగాన్ని నిర్ణయించేది అతి మందమైన దశ. పూతరేకుల వ్యాపారంలో ఆ దశ ఫోనులో లేదు. కుండ ముందు ఉన్నది. ఒక స్త్రీ ఒక దినంలో తీయగల రేకులకు హద్దున్నది. ఒక దృశ్యం వ్యాపించి, సంక్రాంతి ముందు వచ్చే బేరం నాలుగింతలు అయినంత మాత్రాన చేతులు నాలుగింతలు కావు.

అప్పుడు వర్తకుని ముందు రెండు దారులుంటాయి. నిలువ ఉన్న పాత రేకులను కలపడం, నేతికి బదులు చవక క్రొవ్వును వాడడం, ఎక్కడో తీసిన రేకును ఊరి పేరుతో పంపడం ఒక దారి. "ఈ వారం ఇన్ని పెట్టెలే, మిగిలినవారికి వచ్చే వారం" అని తెరపైనే ప్రకటించడం రెండవ దారి. రెండవదానిలో నేటి లాభం కొంత తగ్గుతుంది. రేపటి పేరు నిలుస్తుంది. బేరాన్ని కాదనే ధైర్యం కూడా ప్రచార విద్యలో భాగమే.

ఉత్ప్రేరకానికి విషం

ఖతర్ సహజవాయువులో గంధకపు సమ్మేళనాలు ఉంటాయి. వాటిని ముందుగా తొలగించనిచో ఎరువుల కర్మాగారంలోని ఉత్ప్రేరకపు క్రియాశీల స్థానాలను అవి ఆక్రమించి దానిని పనికిరాకుండా చేస్తాయి. దీనిని ఉత్ప్రేరక విషప్రభావం అంటారు. అత్యల్ప పరిమాణమే చాలు.

సామాజిక మాధ్యమంలో ఇట్టి విషాలు మూడు.

మొదటిది కొనుగోలు చేసిన మెప్పు. డబ్బుకు దొరికే అనుచరులు పూతరేకులు కొనరు. దృశ్యాన్ని చివరి వరకు చూడరు. యంత్రగణన ఆ ఉదాసీనతను గమనించి, నిజమైన చూపరులకు కూడా దృశ్యాన్ని చూపడం మానుతుంది. పేరుగలవారికి డబ్బు ఇచ్చి పొగిడించుకొనేవారు ఆ సంగతిని స్పష్టంగా తెలపాలని భారత ప్రకటనా ప్రమాణాల మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోను మార్గదర్శకాలు వెలువరించాయి.

రెండవది అసత్యం. "ఆరు నెలలు నిలువ ఉంటుంది", "మధుమేహానికి మంచిది" వంటి మాటలు పరీక్షకు నిలువవు. ఒక పెట్టెలో బయటపడిన అబద్ధం ఆ వర్తకునితో ఆగదు. ఊరి పేరు ఉమ్మడిది గనుక, ఎన్నడూ అబద్ధమాడని ప్రక్కింటి వారి కుండను కూడా చల్లారుస్తుంది. భౌగోళిక గుర్తింపు న్యాయస్థానంలో పేరును రక్షించగలదు. గుంపులో తిరిగే మాట నుండి రక్షించలేదు.

మూడవది కటువుతనం. 2025 ఏప్రిల్‌లో గోదావరి తీరపు పచ్చళ్ల వ్యాపారం ఒకటి ఇందుకు నిదర్శనమైనది. సామాజిక మాధ్యమాల ద్వారానే ఎంతో పేరు గడించిన ఆ వ్యాపారం నుండి, ధర ఎక్కువని అన్న కొనుగోలుదారుకు దుర్భాషతో కూడిన శబ్ద సందేశం వెళ్లింది. అది కొద్ది గంటలలో తెలుగువారి ఫోనులన్నింటా వినిపించింది. కొద్ది దినాలలోనే అమ్మకాలకు అంతరాయం కలిగింది. పచ్చడి రుచి రాత్రికి రాత్రి మారలేదు. పురోగామి చర్యను నడిపిన ఉత్ప్రేరకమే తిరోగామి చర్యను కూడా నడిపింది.

సమతాస్థితిని మార్చేది ఏది?

ఉత్ప్రేరకం సమతాస్థితిని మార్చలేదు గనుక, మార్చదలచినవాడు పరిస్థితులను మార్చాలి. 1884లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే చెప్పిన సూత్రానికి సారాంశం ఇదే. ఇందుకు ఏటికొప్పాక మంచి పాఠం.

నేటి అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామంలో అంకుడు కర్రను తరిమెనపై తిప్పి, లక్క పూసి బొమ్మలు చేస్తారు. కృత్రిమ రంగుల వాడకం పెరిగిన కాలంలో, పిల్లలు నోట పెట్టుకొనే బొమ్మపై ఆ రంగులెంత క్షేమమన్న ప్రశ్న ఎదురైనది. సి.వి. రాజు వంటివారు విత్తనాలు, ఆకులు, బెరడు, వేళ్లనుండి తీసిన సహజ వర్ణాలను లక్కలో కలిపే పద్ధతులను ఏళ్ల తరబడి పరిశోధించి కళాకారులకు నేర్పారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2020 ఆగస్టు 30న ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో ఈ బొమ్మలను, సి.వి. రాజు కృషిని ప్రస్తావించారు. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఇక్కడి క్రమం గమనింపదగినది. మొదట వర్ణం మారింది. తరువాత పేరు వ్యాపించింది. క్రమం తిరగబడి, పేరు ముందు వ్యాపించి ఉంటే, రంగు గురించిన ప్రశ్న కూడా దానితోపాటే వ్యాపించి ఉండేది.

ఉప్పు సీసా పరీక్ష

సరుకు ప్రయాణానికి నిలుస్తుందో లేదో తెలుసుకొనడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. చిన్న ఊరి వంటింటిలో చేయదగిన పరీక్ష ఒకటున్నది. పూర్తిగా కరగకుండా కొంత మిగిలిన ఉప్పు, నీరు కలిసి ఉన్న మూసిన పాత్రలోని గాలి సుమారు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత వద్ద స్థిరపడుతుంది. సామాన్య ఉష్ణోగ్రతలలో ఈ విలువ దాదాపు మారదు. పరికరాలను సరిచూచుకొనడానికి శాస్త్రజ్ఞులు సైతం ఈ ధర్మాన్ని వాడుతారు.

బిగువైన మూత గల వెడల్పాటి సీసా లేదా డబ్బా తీసుకొని, అడుగున రెండంగుళాల మేర ఉప్పు పోసి, తడి ఇసుకవలె అయ్యేవరకు నీరు చిలకరించాలి. దానిపై చిన్న గిన్నెను బోర్లించి, ఉప్పు తగలకుండా ఒక పూతరేకును విడిగాను, మరొకదానిని అమ్మకానికి వాడే సంచిలోనే అతికించియు ఉంచాలి. మూత బిగించి, విడి రేకును గంటకు, సంచిలోని వాటిని ఒకటవ, మూడవ, ఏడవ, పదిహేనవ దినాలలో పరీక్షించాలి. ప్రతి పరీక్షకు వేరొక సంచి కావాలి. విరిచినప్పుడు శబ్దం వచ్చిందా? సాగిందా? వాసన ఎట్లున్నది? అన్నీ తేదీలతో పుస్తకంలో వ్రాయాలి. మరొక పెట్టెను ఎండవేళ మిద్దెపై గదిలో ఒక పూట ఉంచి, నేయి బయటకు ఊరినదేమో చూడాలి.

పలుచని ప్లాస్టిక్ సంచి, అల్యూమినియం పొర గల సంచి, తేమ పీల్చే సిలికా పొట్లం వేసిన సంచి, ఈ మూడింటి భేదం ఈ పరీక్షలో కంటికి కనిపిస్తుంది. ఏ సంచిలో రేకు ఎన్ని దినాలు నిలిచినదో, అందులో కొంత తగ్గించి పెట్టెపై ముద్రించవచ్చు.

ఇక ప్రచారం విషయం. ఈ పరీక్షనే చిత్రీకరించి తెరపై ఉంచడం కంటె మంచి ప్రకటన దుర్లభం. పదిహేనవ దినాన సంచి విప్పి రేకు విరిచిన శబ్దం, కొనుగోలుదారు మనసులోని ఒకే ఒక ప్రశ్నకు జవాబు.

ఆచరణలో

పై పరిశీలన నుండి చిన్న వర్తకుడు పాటింపదగిన నియమాలు కొన్ని తేలుతున్నాయి.

తయారైన తేదీని పెట్టెపై చేతివ్రాతతోనైనా వేయాలి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేయించుకొని, ఆ 14 అంకెల సంఖ్యను, చిరునామాను తెరపై కనిపింపజేయాలి. ఖతర్‌లో దుకాణాలకు అమ్మకానికి పంపదలచినచో అరబ్బీలో వివరాల పట్టీ కావాలి. బంధువుకు పంపే పెట్టెకూ వర్తకపు సరుకుకూ నియమాలు వేరు. తయారీ దృశ్యంలో తన ఇంటి కుండనే చూపాలి. అరువు తెచ్చిన దృశ్యాన్ని చూపరాదు. లెక్క పుస్తకంలో మెచ్చుకోళ్ల సంఖ్యను గాక, రెండవమారు తెప్పించుకొన్నవారి సంఖ్యను వ్రాసుకోవాలి. సమతాస్థితి ఎక్కడున్నదో తెలిపే కొలమానం అదే.

కొనుగోలుదారు ప్రశ్నకు జవాబు పొట్టిగా, నిజంగా, మర్యాదగా ఉండాలి. "ఏమండీ, ఇవి ఎన్నాళ్లు ఉంటాయి?" అని దోహా నుండి ప్రశ్న వస్తే, "మంగళవారం చుట్టినవండీ. సంచి విప్పకపోతే పదిహేను రోజులు బాగుంటాయండి. విప్పాక రెండు రోజుల్లో తినెయ్యండి. బెల్లంవైతే ఇంకాస్త తొందరగా మెత్తబడతాయండి" అన్న జవాబులో అలంకారమేమీ లేదు. కాని అందులో తేదీ ఉన్నది, హద్దు ఉన్నది, దాచిపెట్టనిదేదీ లేదు. నమ్మకానికి కావలసిన మూలద్రవ్యాలు ఇవే.

కొనుగోలుదారుకు కూడ బాధ్యత ఉన్నది. ఫరీజ్ బిన్ మహమూద్‌లోని గృహస్థు ఒక దృశ్యాన్ని స్నేహితుల గుంపుకు పంపినప్పుడు, తానే శృంఖలలో ఒక లంకె అవుతాడు. అతని మాటకు ప్రవాస సమాజంలో విలువ ఉన్నది. అందుచేత తిని చూచిన పిమ్మటనే మెచ్చుకొనడం న్యాయం. సరుకు చెడిపోయి వస్తే, ముందుగా తయారీదారుకే ఛాయాచిత్రంతో, తేదీతో తెలపడం న్యాయం. లోపం కుండ దగ్గర జరిగినదా, సంచి దగ్గర జరిగినదా, ప్రయాణంలో జరిగినదా అని తెలుసుకొనే అవకాశం ఆమెకు ఇయ్యవలెను. ఆమె సరిదిద్దుకొననిచో అప్పుడు లోకానికి చెప్పవచ్చు. బాగున్నప్పుడు మౌనం వహించి, చెడినప్పుడే గొంతెత్తడం తిరోగామి చర్యకు మాత్రమే తోడ్పడుతుంది.

ఆత్రేయపురంలో కుండ ముందు కూర్చున్న స్త్రీకి బెర్జీలియస్ పేరు తెలియనవసరం లేదు. రేకు ఎప్పుడు లేస్తుందో, మంట ఎప్పుడు తగ్గించాలో ఆమె చేతికి తెలుసు. ఆ నేర్పు మూడు వేల కిలోమీటర్ల అవతలి తలుపు వరకు చెడకుండా చేరితే, తెరపై ముప్పది సెకన్ల దృశ్యం ఆమెకు ఏళ్ల తరబడి బేరాన్ని తెస్తుంది. చేరకపోతే, ఆ దృశ్యమే ఆమె శ్రమను ముప్పది సెకన్లలో చులకన చేస్తుంది. కావున ఫోను చేత పట్టేముందు సరిచూడవలసినది సంచి అతుకు.